ఫారంలో గడి లేని ప్రశ్నకు జవాబివ్వకండి

2010లో ఇళ్ళ జాబితాకి, 2011 ఫిబ్రవరిలో జనాభా లెక్కలకి టీచర్‌గా నాకు డ్యూటీ పడింది. ఆ ఫారం ఇంకా కళ్ళకు కట్టినట్టే ఉంది. గోడలు దేనితో కట్టారు, పైకప్పు ఏంటి, తాగునీళ్ళు ఎక్కణ్ణుంచి, వంట దేనిమీద అని అడిగేవాళ్ళం. బ్యాంకు గురించీ ఒక ప్రశ్న ఉండేది: బ్యాంకు సేవలు వాడుకుంటున్నారా, లేదా? అంతే. ఖాతా నంబరు రాసుకోడానికి గడే లేదు.

ఇదెందుకు చెబుతున్నానంటే, కిందటేడు మా పిన్ని ఇంటికి గవర్నమెంటు సర్వే అంటూ ఇద్దరు కుర్రాళ్ళొచ్చారు. మెడలో కార్డులు, చేతిలో ట్యాబ్. పేరు, వయసు, ఇంట్లో ఎంతమంది అని మర్యాదగానే అడిగారు. తర్వాత ఆధార్ చూపించమన్నారు. ఫ్యామిలీ పెన్షన్ ఏ బ్యాంకులో పడుతుందన్నారు. చివర్లో "సంతకం బదులు వేలిముద్ర వెయ్యండమ్మా" అని చిన్న మెషీన్ ముందుకు జరిపారు. ఆ సాయంత్రమే ఖాతాలోంచి 10,000 రూపాయలు పోయాయి. ఓటీపీ రానే లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర దొరికితే చాలు, ఓటీపీ లేకుండానే ఆధార్ ద్వారా డబ్బు తీసేయొచ్చు. ఓటీపీ ఎవరికీ చెప్పను కదా అని ధీమాగా ఉండేవాళ్ళు ఈ సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు 2027 జనగణన. ఈసారి వివరాలు మొబైల్ యాప్‌లో ఎక్కిస్తారు కాబట్టి ఎన్యూమరేటర్ (వివరాలు రాసుకోడానికి ఇంటికొచ్చే ఉద్యోగి) చేతిలో ఫోను చూసి కంగారు పడకండి. మన ఫోన్ నంబరు అడిగినా తప్పులేదు. అసలువాళ్ళ మొహానే తలుపేయడమూ సరికాదు, 1948 నాటి జనగణన చట్టం ప్రకారం అడిగినదానికి తెలిసినంతవరకు నిజం చెప్పాలి. మనం చెప్పిన వివరాలు బయటపెట్టకూడదని, వేరే కేసుల్లో సాక్ష్యంగా వాడకూడదని అదే చట్టం అంటుంది. కానీ ఖాతా నంబరు, ఓటీపీ, పిన్, వేలిముద్ర, డబ్బు అడిగారంటే అది జనగణన కాదు.

అనుమానమొస్తే గేటు బయటే నిలబెట్టి గుర్తింపు కార్డు అడగండి. కార్డు మీదున్న నంబరుకి ఫోన్ చేస్తే వాళ్ళ మనిషే ఎత్తొచ్చు. తహసీల్దారు ఆఫీసులోనో మున్సిపల్ ఆఫీసులోనో కనుక్కోండి. "మా అబ్బాయి వచ్చాక రండి" అనండి. తాళం వేసిన ఇళ్ళకి మేం మూడేసిసార్లు తిరిగాం, అసలువాళ్ళు మళ్ళీ వస్తారు. గ్రామ, వార్డు సచివాలయం పనుల్లో నిజంగానే వేలిముద్ర కావాల్సి వస్తుంది, అలాంటప్పుడు మీరే సచివాలయానికి వెళ్ళి వేసి రండి. సర్వే యాప్ అని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) పంపితే తెరవకుండా తీసేయండి.

ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది. ఆధార్ వెబ్‌సైట్లో మీ బయోమెట్రిక్స్, అంటే వేలిముద్ర, కంటిపాప గుర్తులు, లాక్ చేసుకోండి. ఆధార్‌కి ఫోన్ నంబరు లింకై ఉండాలి. పిన్నికి నేనే చేసిపెట్టాను. రేషన్‌కి వేలిముద్ర వేయాల్సిన రోజు కాసేపు తెరిచి, మళ్ళీ లాక్ చేస్తోంది.

డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకీ చెప్పండి. పిన్ని భయపడి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు రోజులే చాలా నష్టం చేశాయి. బ్యాంకు మెసేజ్ మాత్రం చెరిపేయకండి, అందులోని లావాదేవీ నంబరు ఫిర్యాదులో రాయాల్సి ఉంటుంది.