వాపు తగ్గినా వదలని చీలమండ బెణుకు: నా అనుభవం

పాదం లోపలికి మడతపడితే ఎక్కువగా దెబ్బతినేది చీలమండ బయటివైపు లిగమెంటే (ఎముకను ఎముకతో కలిపి ఉంచే గట్టి పట్టీ). నాదీ అదే. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తేలింది. వాపు తగ్గి, చదును నేల మీద నడక బాగానే ఉన్నా, మెట్లు దిగేటప్పుడు కాలు పట్టు తప్పేది. సాయంత్రానికి మళ్లీ ఉబ్బేది.

ఇంకా రెస్ట్ తీసుకోమన్నవాళ్లే అందరూ (ఉచిత సలహాలకు కొదవేముంది!). ఫిజియోథెరపిస్టు మాట వేరు: లిగమెంటు దెబ్బతింటే, పాదం ఏ భంగిమలో ఉందో మెదడుకు చేరే కబురు కూడా సరిగా అందదట. దానికి మందు ఒంటికాలి మీద నిలబడటమే. మొదట గోడకు వేలు ఆనించి 30 సెకన్లు, తర్వాత చేయి తీసేసి, ఆపైన గోడ పక్కనే కళ్లు మూసుకుని. కళ్లు మూయగానే చీలమండ గజగజలాడేది, కాలి వేళ్లు నేలను పట్టుకోవడానికి తంటాలు పడేవి. కోలుకుంటున్నానా లేదా అన్నది నేను ఆ వణుకును బట్టే చూసుకున్నాను, నొప్పిని బట్టి కాదు.

రబ్బరు బ్యాండుతో పాదాన్ని బయటికి లాగడం, మునివేళ్ల మీద లేచి మెల్లగా దిగడం కూడా చేశాను. నొప్పి మర్నాటికీ మిగిలితే ఆ రోజు వ్యాయామం తగ్గించేదాన్ని. ఐస్ మొదట్లో నొప్పికి పనికొచ్చింది, అంతవరకే.

బెణికాక నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముక మీద నొక్కితే నొప్పి పుట్టినా ముందు డాక్టరుకు చూపించి ఎక్స్‌రే సంగతి తేల్చుకోండి.