పాత క్యాంపర్ వ్యాన్‌కు ఇంజిన్ మార్చాలంటే: ఆర్టీవో అనుమతికి దరఖాస్తు విధానం

పాత ట్రావెలర్‌నో ఓమ్నీనో క్యాంపర్‌గా, అంటే లోపలే పడుకుని వండుకునే బండిగా, మార్చుకుని తిరిగేవాళ్లకు ఏదో ఒక రోజు ఇంజిన్ ప్రశ్న ఎదురవుతుంది. చాలామంది మెకానిక్‌తో మాట్లాడి, సెకండ్ హ్యాండ్ ఇంజిన్ కొని, ఎక్కించేసి, ఆర్సీ సంగతి తర్వాత చూసుకుందాంలే అనుకుంటారు. ఆ వరుస తప్పు. అనుమతి కాగితం చేతికి వచ్చాకే పాత ఇంజిన్ దించాలి. ఇంజిన్ నంబరు ఆర్సీలో నమోదై ఉంటుంది. ఇంజిన్ బ్లాక్ (సిలిండర్లు ఉండే ప్రధాన దిమ్మ) మీది నంబరు దానితో కలవకపోతే రోడ్డు మీద తనిఖీలో దొంగబండి అన్న అనుమానం వస్తుంది. ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

అసలు దరఖాస్తు అవసరమా?

ముందు ఇది తేల్చుకోండి. నంబరు ఉండేది బ్లాక్ మీద. రీబోరింగ్ (అరిగిన సిలిండర్ లోపలి గోడను మళ్లీ చెక్కడం) చేయించి పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చినా, ఆఖరికి బ్లాక్ పైన బిగించే హెడ్ మార్చినా, బ్లాక్ పాతదే అయితే నంబరు మారదు. అది రిపేరు కిందే లెక్క, బిల్లులు దాచుకుంటే చాలు. బ్లాక్ మారితే మాత్రం ఆర్సీ మారాల్సిందే. పాత బ్లాక్ బాగయ్యే అవకాశం ఉంటే, కాస్త ఖర్చు ఎక్కువైనా ఆ దారే మేలని నా అభిప్రాయం.

ఏ ఇంజిన్‌కు ఒప్పుకుంటారు?

దీనికి మూలం 1988 మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52. తయారీ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదన్నది అందులోని ప్రధాన నియమం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ నియమాన్నే గట్టిగా నిలబెట్టింది. కాబట్టి అదే కంపెనీ, అదే రకం, అదే ఇంధనం, అదే సీసీ ఉన్న ఇంజిన్ అయితే దరఖాస్తు సాఫీగా కదులుతుంది. మెర్సిడెస్ డిజైన్‌తో మన దేశంలో తయారైన 2.4 లీటర్ల ఓఎం616 డీజిల్ ఇంజిన్ ఉన్న పాత మెటడోర్‌లో మళ్లీ ఓఎం616 పెట్టడం ఇలాంటిదే. ఓమ్నీలోని 796 సీసీ ఇంజిన్ తీసి జిప్సీ 1.3 లీటర్ల ఇంజిన్ పెడతామంటే మాత్రం అనుమతి మీద ఆశ పెట్టుకోవద్దు. ఘాట్ రోడ్డులో ఇంకాస్త బలం ఉంటే బాగుండునన్న కోరిక నాకు అర్థమవుతుంది. కానీ బ్రేకులు, గేర్‌బాక్స్, చాసిస్ పాత ఇంజిన్ బలానికి లెక్కేసి చేసినవి. ఆ బండిలోనే పడుకుని, పిల్లలతో ప్రయాణించేవాళ్లు ఈ లెక్కతో ఆటలాడకూడదు.

కాలుష్య ప్రమాణం కూడా చూసుకోండి. బీఎస్ (భారత్ స్టేజ్) అంకె ఎంత పెద్దదైతే ప్రమాణం అంత కఠినం; బీఎస్-4 బండికి బీఎస్-3 ఇంజిన్ తెస్తే కుదరదు. సీఎన్‌జీకో ఎలక్ట్రిక్‌కో మారాలంటే దారి వేరు: ఏఆర్‌ఏఐ, ఐక్యాట్ లాంటి పరీక్షా సంస్థల ఆమోదం పొందిన కిట్‌నే, దాన్ని బిగించే అధికారం ఉన్న సెంటర్లోనే పెట్టించాలి.

కాగితాలు

ఆర్సీ, అమల్లో ఉన్న బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, చిరునామా, గుర్తింపు పత్రాలు మామూలే. బండి మీద ఫైనాన్స్ ఉంటే ఆ సంస్థ రాతపూర్వక అంగీకారం కూడా కావాలి.

అసలు టెన్షన్ ఇంజిన్ కొన్న కాగితంతోనే. కొత్త ఇంజిన్ అయితే కంపెనీ డీలర్ ఇన్‌వాయిస్ మీద నంబరు ఉంటుంది, సమస్య లేదు. వాడిన ఇంజిన్ అయితే అది ఏ బండిలోంచి వచ్చిందో కాగితం మీద కనపడాలి. ఆ బండి రిజిస్ట్రేషన్ రద్దయినట్టు ఆధారం, లేదా గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రం ఇచ్చిన సర్టిఫికెట్, దాంతోపాటు ఇంజిన్ నంబరు రాసిన బిల్లు అడిగి తీసుకోండి. డబ్బు ఇచ్చేముందే జాతీయ నేర రికార్డుల బ్యూరో నడిపే డిజిటల్ పోలీస్ పోర్టల్లో ఆ నంబరు దొంగిలించిన వాహనాలలో ఉందేమో చూడొచ్చు. బిల్లు ఇవ్వనన్న వ్యాపారి దగ్గర ఎంత చవకగా వచ్చినా కొనొద్దు. నంబరు గీకేసి, మళ్లీ కొట్టినట్టు కనిపించే బ్లాక్‌ను చేత్తో కూడా ముట్టుకోవద్దు.

పాత బండి కాబట్టి ఆర్సీ గడువు చూడండి. సొంత వాడకం బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఫారం 25తో ఐదేళ్లకోసారి రెన్యువల్. గడువు దాటి ఉంటే ముందు దాని సంగతి తేల్చుకోవాలి.

ఇంకో మాట. ఆర్సీలో బండి ఇంకా మాక్సీ క్యాబ్‌గానో (అద్దెకు జనాన్ని ఎక్కించుకునే వ్యాన్) గూడ్స్ వ్యాన్‌గానో ఉండి, లోపల మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు ఉంటే ఇంజిన్ తనిఖీకి తీసుకెళ్లిన రోజే అది బయటపడుతుంది. సొంత వాడకపు క్యాంపర్ వ్యాన్‌ను కేంద్రం 2004 నవంబర్ 5 నోటిఫికేషన్‌లో నాన్ ట్రాన్స్‌పోర్ట్ (అద్దెకు తిప్పని) వాహనాల జాబితాలో చేర్చింది. బండి తరగతి దానికి తగ్గట్టు ఉందో లేదో ముందే సరిచూసుకోండి. ఇది వాయిదా వేసే విషయం కాదు.

దరఖాస్తు, తనిఖీ

కేంద్ర రవాణా శాఖ పరివాహన్ వెబ్‌సైట్‌లో వాహన సేవల్లోకి వెళ్లి, రాష్ట్రం ఎంచుకుని, బండి నంబరు ఇవ్వాలి. చాసిస్ నంబరులోని చివరి ఐదు అంకెలు, ఆర్సీకి జతపడిన మొబైల్‌కు వచ్చే ఓటీపీ అడుగుతుంది. మొబైల్ నంబరు పాతదైతే మొదట దాన్ని మార్పించుకోండి. సేవల్లో ‘ఆల్టరేషన్ ఆఫ్ వెహికల్’ ఎంచుకుని వివరాలు నింపి, ఫీజు కట్టి, రసీదు దాచుకోవాలి. సొంత పోర్టల్ నడిపే రాష్ట్రాల్లో మెనూ పేర్లు వేరుగా ఉంటాయి. దరఖాస్తుతో పాటు ఎందుకు మారుస్తున్నారో, ఏ ఇంజిన్ పెడుతున్నారో, రెండు ఇంజిన్ల నంబర్లేమిటో రాసిన ఒక ఉత్తరం జతచేయండి. ఫైలు చూసే అధికారికి పని సులువవుతుంది.

అనుమతి వచ్చాక ఇంజిన్ ఎక్కించి, మెకానిక్ షెడ్డు నుంచి పని వివరం రాసిన బిల్లు తీసుకోండి. మార్పు జరిగిన 14 రోజుల్లోగా ఆర్సీతో సహా రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలని సెక్షన్ 52లో ఉంది. ఈ గడువును చూసి ముందు మార్చేసి తర్వాత చెబితే సరిపోతుందనుకోవద్దు. నిబంధనలు ఒప్పుకోని మార్పుకు అదే చట్టంలోని సెక్షన్ 182ఏ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

తనిఖీకి బండిని తీసుకెళ్లాలి. జనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ చాసిస్, ఇంజిన్ నంబర్లు కాగితాలతో పోల్చి చూస్తారు. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన ముద్రలు అడగడం మామూలే. వ్యాన్లలో ఇంజిన్ సీటు కిందో, డ్రైవర్ పక్కన కవర్ కిందో ఉంటుంది. క్యాంపర్ పనిలో దాని మీద పెట్టె, చెక్క బిగించి ఉంటే ముందు రోజే విప్పి, బ్లాక్ మీది నూనె, మసి తుడిచి, నంబరు స్పష్టంగా కనిపించేలా ఉంచండి. నంబరు చదవలేక తనిఖీ వాయిదా పడటం కంటే విసుగు ఇంకొకటి లేదు.

కొత్త నంబరుతో ఆర్సీ వచ్చాక ప్రతి అంకె సరిచూసుకోండి. తప్పుంటే అప్పుడే చెప్పండి. ఆ ఆర్సీ కాపీ బీమా కంపెనీకి ఇచ్చి పాలసీలో నంబరు మార్పించి, ఆ మార్పును చూపే ఎండార్స్‌మెంట్ కాగితం తీసుకోండి. పొల్యూషన్ పరీక్ష మళ్లీ చేయించండి. పాత ఇంజిన్‌ను షెడ్డులో ఊరికే వదిలేయొద్దు. అమ్మినా, తుక్కుకు ఇచ్చినా నంబరు, తేదీ, తీసుకున్నవారి సంతకం ఉన్న రసీదు మీ ఫైల్లో ఉండాలి. రేపు ఆ బ్లాక్ ఇంకో బండిలో తేలితే మీరు చూపించగలిగే కాగితం అదే.