ల్యాబ్‌వ్యూ ఇంట్లోనే – 7వ పాఠం: పది రీడింగులకు 55 వరుసలా?

ల్యాబ్‌వ్యూ అంటే కోడు టైపు చేయకుండా, బొమ్మల్ని వైర్లతో కలిపి కొలతల ప్రోగ్రాములు తయారుచేసే సాఫ్ట్‌వేర్. ఈసారి ట్రిగ్గరింగు (ఫలానా సంకేతం రాగానే కొలత మొదలయ్యేలా చేయడం) చెబుతానన్నాను. కుదరదు. పోయిన పాఠంలో షిఫ్ట్ రిజిస్టరుతో (లూపులో ఒక చుట్టు విలువను తర్వాతి చుట్టుకి అందించేది) పాటు ఫైలు రాయడం కూడా తొందరపడి చెప్పేశాను, దాని ఫలితం ఇప్పుడు మీ ఫైళ్ళలో కనబడుతోంది. గాజువాకలో శనివారాలు నా దగ్గరకొచ్చే డిప్లొమా పిల్లలు ఆరుగురైతే నలుగురిదీ ఇదే గోల: "పది రీడింగులే తీశాం సార్, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే 55 వరుసలున్నాయి, కొలిచే కార్డు పోయినట్టుంది." కార్డు నిక్షేపంలా ఉంది.

ఒకటి నుంచి పది దాకా కూడి చూడండి, 55 వస్తుంది. జబ్బు పేరు ఆ అంకెలోనే ఉంది. లూపు మొదటి చుట్టులో ఫైలుకి ఒక వరుస, రెండో చుట్టులో పాతదీ కొత్తదీ కలిపి రెండు, మూడో చుట్టులో మూడు. కొట్లో ఖాతా పెట్టి ఇవాళ అరకిలో కందిపప్పు తెచ్చుకున్నారనుకోండి. షావుకారు ఆ ఒక్క పద్దే రాసుకుంటాడు. అలా కాకుండా ఒకటో తారీఖు నుంచి తెచ్చినవన్నీ రోజూ మళ్ళీ ఎక్కించి, చివర్న కందిపప్పు రాస్తే నెలాఖరుకి మీ గతేమిటి? బిల్డ్ ఎరే (పాత రీడింగుల పట్టీకి, అంటే ఎరేకి, కొత్తది చేర్చేది) తర్వాత వచ్చే లావుపాటి వైరును ఫైలు రాసే రైట్ డీలిమిటెడ్ స్ప్రెడ్‌షీట్‌కి ఇచ్చి, అపెండ్‌ను (పాత ఫైలు చివర్న చేర్చమనడం) ట్రూ చేస్తే జరిగేది ఇదే. సెకనుకొకటి చొప్పున గంటసేపు నడిపితే 3,600 రీడింగులకు 64,81,800 వరుసలు. ఎక్సెల్ షీటులో పట్టేవే 10,48,576.

వైరును బిల్డ్ ఎరేకి ముందే చీల్చండి. ఆ చుట్టులో పుట్టిన ఒక్క వరుసే ఫైలుకి పోవాలి. పెరిగే ఎరే గ్రాఫు కోసం, అంతే. ఫైల్లో ఒకే పొడవు వరుసలకి బదులు అంకెలు మెట్లు మెట్లుగా వచ్చినవారు ఉష్ణోగ్రతలు మాత్రమే ఒక డైమెన్షన్ ఎరేగా ఇచ్చారు. రోగం అదే, మందూ అదే.

కొందరు అపెండ్‌ను ఫాల్స్ చేసి "సరిపోయింది" అన్నారు. అంకెలు సరిపోతాయి, నిజమే. కానీ ప్రతి సెకనూ ఫైలు మొత్తం చెరిపి మళ్ళీ రాస్తున్నారు. సరిగ్గా రాస్తుండగా కరెంటు పోతే మొదటి గంట డేటా కూడా గల్లంతు కావచ్చు. నాకు నచ్చదు.

ఇక నాకు ఒళ్ళు మండే విషయం. ఎక్సెల్‌లో రిమూవ్ డూప్లికేట్స్ నొక్కేసి చేతులు దులుపుకున్నవారున్నారు. హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో బ్రైన్ (ఉప్పునీటి) ట్యాంకు ఊహించుకోండి. బాగా నడిచే ట్యాంకులో ఉష్ణోగ్రత గంటసేపు కదలదు, కదలకపోవడమే దాని గొప్ప. ఆ గంటలోని 60 రీడింగులూ ఒకటే అంకె అయితే, ఆ బటను 59 నిజమైన కొలతల్ని మింగేస్తుంది. విలువ ఒకటైనంత మాత్రాన అది నకలు కాదు. మీ గదిలో చూడండి: సముద్రపు గాలి తిరిగాక సాయంత్రం థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగల జంట) చాలాసేపు ఒకే అంకె మీద కూర్చుంటుంది. ఏది నకలో చెప్పాల్సింది విలువ కాదు, దాని పుట్టుక. అందుకే నేను ప్రతి వరుసకీ మొదటి నిలువులో లూపు ఐ టెర్మినల్ అంకె (ఎన్నో చుట్టో చెప్పేది), రెండో నిలువులో సమయం పెడతాను. రెండూ కొలిచే లూపులోనే, కొలిచినప్పుడే. ఫైలు రాసే చోట సమయం అంటిస్తే ఒకే కొలత పదిసార్లు పడినా పది వేర్వేరు సమయాలతో దర్జాగా కూర్చుంటుంది. దొంగకి మీరే దొర బట్టలు తొడిగినట్టు.

ఈ అంకె ఉంటే మిగతా తప్పులూ పట్టుబడతాయి. కొలవడానికొకటి, రాయడానికొకటి రెండు లూపులు పెట్టి మధ్యలో లోకల్ వేరియబుల్ (ఆఖరి విలువ మాత్రమే ఉంచుకునేది) వాడితే, రాసే లూపు వేగంగా తిరిగినప్పుడు 17, 17, 17, 18, 18 అని వస్తుంది. క్యూ (విలువలు వచ్చిన వరసలోనే ఒక్కొక్కటిగా బయటికి వెళ్ళేది) వాడండి. క్యూలో కూడా ప్రివ్యూ కాదు, విలువను బయటికి తీసే డీక్యూ. ప్రివ్యూ చూసి వదిలేస్తుంది, తీయదు. ఐ అంకెలు వరసగా ఉండి కొలిచిన విలువలు మాత్రం ఏడెనిమిదేసి ఒకేలా ఉంటే సెన్సరు నెమ్మది. డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సరుకి 12 బిట్లలో కొలవడానికి 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. అది పూర్తవకుండా 100 మిల్లీసెకన్లకోసారి చదివితే పాత విలువే చేతిలో పెడుతుంది.

ఫైలు రాయడానికి రైట్ టు మెజర్‌మెంట్ ఫైల్ వాడి, మధ్యమధ్యలో హెడరు పదేపదే వస్తోందన్నవారు దాని సెట్టింగులో ఒక్క హెడరే ఎంచుకోండి. ఆ ఎక్స్‌ప్రెస్ వీఐ (వీఐ అంటే ల్యాబ్‌వ్యూ ప్రోగ్రాము, ఎక్స్‌ప్రెస్ అంటే సెట్టింగులతో నడిచే రెడీమేడ్ రకం) నేను వాడను.

అభ్యాసం. షిఫ్ట్ రిజిస్టరుకి ఎడమవైపు తొలి విలువ ఇవ్వాలని పోయినసారి చెప్పలేదు, తప్పు నాదే. ఇవ్వకపోతే వీఐ మూసేదాకా పాత ఎరే అందులోనే ఉంటుంది. ఇప్పుడు కావాలనే తప్పుడు డయాగ్రమ్‌నే, తొలి విలువ లేకుండా, కొత్త ఫైలుతో, అపెండ్ ట్రూతో, 60 రీడింగులు చొప్పున వీఐ మూయకుండా రెండుసార్లు నడపండి. ఎన్ని వరుసలొస్తాయో రన్ నొక్కకముందే కాగితం మీద రాయండి. నాకు 7,260 వచ్చాయి. మీకు 3,660 వస్తే మధ్యలో వీఐ మూసేశారన్నమాట.