పల్లీపట్టీ ఐస్‌క్రీమ్ రుచి చూసేటప్పుడు

పల్లీపట్టీ, పూతరేకులు, తాటిముంజలు... చిన్నప్పుడు తిన్నవన్నీ ఇప్పుడు ఐస్‌క్రీముల్లో వస్తున్నాయి. చాలా షాపుల్లో అడిగితే చిన్న చెంచాతో రుచి చూపిస్తారు. దాన్ని గబుక్కున మింగేయకండి. చల్లదనానికి నాలుక మొద్దుబారి తీపీ వాసనా సరిగ్గా తెలియవు. నాలుక మీదే పూర్తిగా కరగనివ్వండి. ముందు పాలు, పంచదార తగులుతాయి. బెల్లం, వేయించిన పల్లీల కమ్మదనం తేలేది ఆ తర్వాతే, మింగాక ముక్కుదాకా వస్తుంది. అప్పటికీ ఉత్త తీపే ఉంటే మొహమాటపడకుండా వేరేది అడగండి.

ఇంటికి తెచ్చుకుంటే ఐదు నిమిషాలు బయట ఉంచి తినండి, ఫ్రీజర్ −18 డిగ్రీల దగ్గర ఉంటుంది మరి.

నన్నడిగితే ఇంట్లో చేసుకున్నదే మేలు. వెనిలా ఐస్‌క్రీమ్ మీద పల్లీపట్టీ చితక్కొట్టి, తినేముందే చల్లుకోండి. ముందే కలిపి పెడితే బెల్లం తడి లాగేసి బంకలా సాగుతుంది. పట్టీ అంటేనే ఆ కరకర కదా! పైన రవ్వంత ఉప్పు వేస్తే బెల్లం రుచి ఇంకా తేలుతుంది. పక్కింటి పిల్లలకు పెట్టేటప్పుడు మాత్రం పల్లీలు పడతాయో లేదో వాళ్ళమ్మను ఒక మాట అడగండి.