ఇంట్లోనే కారు రంగు మారుస్తున్నారా? ఆర్సీలో కొత్త రంగు ఎక్కించే దరఖాస్తు విధానం

తెల్ల కారుకు మళ్లీ తెలుపే కొడితే ఆర్టీఏ ఆఫీసుతో పని లేదు. గీతలు పడ్డ డోరుకు టచప్ చేసుకున్నా అంతే. ఆర్సీలో ఒక రంగు, బండి మీద ఇంకో రంగు ఉంటేనే చిక్కు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ చూసేది దీన్నే.

డబ్బా మూత తీయకముందే ఆఫీసులో అడిగి అనుమతి తీసుకోండి. పని అయ్యాక 14 రోజుల్లోపు, మీరు ఉంటున్న చోటి రిజిస్ట్రేషన్ అధికారికి మార్పు తెలపాలి. కరీంనగర్ 02 నంబరు బండితో హనుమకొండలో ఉంటుంటే ముందు అడ్రసు మార్పించుకోండి. కొత్త ఆర్సీ కార్డు పోస్టులో ఆ అడ్రసుకే వస్తుంది. లోను తీరకపోతే ఫైనాన్స్ వాళ్ల లిఖిత సమ్మతి కావాలి. షేడ్ ఏదైనా సరే, ఆలివ్ గ్రీన్ మాత్రం వద్దు. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 121 ప్రకారం అది రక్షణ శాఖ బండ్లకే.

ఇంటి పెయింటింగ్‌లో ఎక్కువ మంది దెబ్బతినేది చాసిస్ నంబరు దగ్గర. మోడల్‌ను బట్టి అది ఇంజన్ వెనక రేకు మీదో, ముందు సీటు దగ్గర కార్పెట్ కిందో కొట్టి ఉంటుంది. ప్రైమర్, దాని మీద రంగు రెండు పూతలు పడితే అక్షరాల గుంతలు నిండిపోతాయి. అప్పుడు తనిఖీలో నంబరు మీద కాగితం పెట్టి రుద్ది తీసే పెన్సిల్ ప్రింట్ మసకగా వస్తుంది, 3 ఏదో 8 ఏదో తేలదు. అందుకే రంగుకు ముందే అక్కడ మాస్కింగ్ టేపు వేయండి. ఇప్పటికే నిండితే థిన్నర్‌లో ముంచిన గుడ్డను కాసేపు అద్ది పెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా తీయండి. గ్రైండర్, వైర్ బ్రష్ పెట్టారంటే నంబరు దిద్దారన్న అనుమానం మీ నెత్తిన పడుతుంది. హై సెక్యూరిటీ నంబర్ ప్లేటును విప్పకండి. దాని లాకులు ఒకసారి తీస్తే మళ్లీ పనికిరావు. కాగితం చుట్టి టేపు వేస్తే చాలు.

తక్కువ ఖర్చులో తేలేది ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్. చిన్న హ్యాచ్‌బ్యాక్‌కు 3 నుంచి 4 లీటర్లు, దాదాపు అంతే థిన్నర్ పడుతుంది. పీయూ (పాలీయురెథేన్) పెయింట్ గట్టిదే కానీ, అది గట్టిపడేందుకు కలిపే హార్డనర్ ఊపిరితిత్తులకు చేటు, మామూలు గుడ్డ మాస్కు ఆపలేదు. ముసురు రోజుల్లో ఎన్‌సీ కొడితే గాలిలోని తేమకు పైన తెల్లటి పొగమంచులా పడుతుంది. మే ఎండలో అయితే రంగు రేకును తాకేలోపే ఆరి గరుకెక్కుతుంది. మన దగ్గర డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టి సాయంత్రం చల్లబడకముందే ఆపేయడం మంచిది. వాకిట్లో నీళ్లు చల్లితే దుమ్ము లేవదు. తలుపుల లోపలి అంచులకూ, బానెట్ కిందా రంగు వేయండి. డోరు తీయగానే పాత ఎరుపు కనబడితే ఆర్సీలో ఏ రంగు రాయాలన్నది అధికారికే సందేహం. గ్యారేజీ బిల్లు ఉండదు కాబట్టి షేడ్ పేరున్న పెయింటు షాపు బిల్లు దాచండి.

తెలంగాణ రవాణా శాఖ వెబ్‌సైట్లో ‘ఆల్టరేషన్ ఆఫ్ వెహికల్’ కింద స్లాట్ బుక్ చేసి, అక్కడ చూపిన ఫీజు కట్టాలి. పెండింగ్ చలాన్లు, ట్యాక్సు ముందే తీర్చేయండి. ఆ రోజు బండితో పాటు ఒరిజినల్ ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఆధార్, ఫీజు రసీదు పట్టుకెళ్లాలి. బండిని కడిగి, బానెట్ తెరిచి నంబరు మీది మురికి తుడిచి ఉంచితే తనిఖీ త్వరగా అవుతుంది. పాలిషింగ్ మిగిలిపోయినా పర్లేదు, తర్వాత చేసుకోవచ్చు. 14 రోజులు దాటనీయకండి.

ఏపీ 36 నంబరు పాత బండయితే రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడు ముగుస్తుందో ముందు చూడండి. కారుకు అది 15 ఏళ్లే. గడువు దగ్గరపడితే రెన్యువల్ తనిఖీ కూడా ఉంటుంది, ఆ లెక్కతోనే రంగు పని పెట్టుకోండి. కార్డు చేతికొచ్చాక ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక కాపీ పంపండి.