ట్యూబెక్టమీకి ఏ రోజు వెళ్లాలి? మూడో పాఠం: ఏడు రోజుల లెక్క

ట్యూబెక్టమీ అంటే ఆడవాళ్లకు ట్యూబులు మూసి చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్. దానికి ఏ రోజు వెళ్లాలో తెలియాలంటే నెలసరి రోజులు లెక్కపెట్టడం రావాలి. ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క చూద్దాం: జులై 4 సాయంత్రం నెలసరి మొదలైతే ఏడో రోజు ఏ తేదీ? జవాబు జులై 10. మీకు 11 వచ్చిందంటే 4వ తేదీని వదిలేసి లెక్కపెట్టారన్నమాట. రాత్రి పదింటికి మొదలైనా సరే, ఆ తేదీయే ఒకటో రోజు.

కాన్పుతో సంబంధం లేకుండా విడిగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకునేవాళ్లు నెలసరి మొదలైన ఏడు రోజుల్లోపు రావాలని మన ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతాయి. అప్పటికి మామూలుగా అండం విడుదల కాదు, కాబట్టి కడుపులో గర్భం లేదని డాక్టరు ధైర్యంగా అనుకోవచ్చు.

మన ఇళ్లలో చిక్కు ఇక్కడే వస్తుంది. "బయట ఉన్నప్పుడు ఆపరేషన్ ఏంటి, తలస్నానం అయ్యాక వెళ్దాంలే" అంటారు. స్నానం చేసి, పిల్లల్ని అమ్మగారింట్లో దింపి, ఆసుపత్రికి చేరేసరికి పదో రోజు! రక్తస్రావం అవుతున్నా ఈ ఆపరేషన్ చేస్తారు. మూసేది గర్భసంచిని కాదు, దానికి రెండు పక్కలా ఉండే ట్యూబులను. ప్యాడ్ పెట్టుకుని వెళ్లడానికి మొహమాటపడకండి.

ఇప్పుడు అసలు లెక్క. జులై 4న నెలసరి వచ్చిన ఆవిడకే 28 రోజుల చక్రం అనుకుందాం. తర్వాతి నెలసరి ఆగస్టు 1న రావాలి. అందులోంచి 14 రోజులు వెనక్కి వస్తే జులై 18. అండం విడుదలయ్యేది ఇంచుమించు ఆ రోజున. వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతకగలవు. అంటే 13 నుంచి 18 వరకు ఎప్పుడు కలిసినా గర్భం నిలిచే వీలుంది. ఆమె 24న ఆపరేషన్‌కి వెళ్లింది. మూత్ర పరీక్షలో ఒకే గీత వచ్చింది. "నెగెటివ్ కదా, ఇంకేం టెన్షన్?" అనిపిస్తుంది. కానీ పిండం గర్భసంచికి అతుక్కున్న తర్వాతే ఆ పరీక్ష పట్టుకునే హార్మోన్ తయారవుతుంది. అతుక్కోవడానికి అండం విడుదలైన నాటి నుంచి ఆరు రోజులో, పదో, ఒక్కోసారి ఇంకా ఎక్కువో పడుతుంది. 24 నాటికి గర్భం ఉన్నా పరీక్షకు దొరక్కపోవచ్చు. ట్యూబులు మూసినంత మాత్రాన అప్పటికే గర్భసంచిలోకి చేరిన పిండం ఆగదు. ఆగస్టులో నెల తప్పితే ఇంట్లో అందరూ "ఆపరేషన్ ఫెయిలైంది" అంటారు. నిజానికి ఆ గర్భం ఆపరేషన్ కంటే ముందుదే.

ఆపరేషన్లు ఫెయిలవడం లేదని కాదు. మొదటి ఏడాదిలో వెయ్యి మందిలో సుమారు ఐదుగురికి గర్భం వస్తుంది. అందుకే ఆపరేషన్ తర్వాత నెల తప్పితే ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించుకోండి. పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ట్యూబులో గర్భం నిలిచి ఉండొచ్చు, అది ప్రాణాల మీదకు తెస్తుంది.

ఏడు రోజులు దాటితే దారి మూసుకుపోయినట్టా? కాదు. నెలసరి వచ్చాక అసలు కలవకపోయినా, కాపర్-టీ ఉన్నా, మాలా-ఎన్ లాంటి మాత్రలు ఒక్క రోజూ మానకుండా వేసుకుంటున్నా, ప్రతిసారీ కండోమ్ సరిగ్గా వాడినా వేరే రోజుల్లోనూ చేస్తారు. డాక్టరు అడిగినప్పుడు సిగ్గుపడి "ఏం లేదండీ" అనకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆపరేషన్ ఉందని కాపర్-టీ ముందే తీయించుకోకండి, మాత్రలూ ఆపకండి. ఇవేవీ వాడనివాళ్లు వచ్చే నెలసరి దాకా కండోమ్ వాడి, ఒకటో రోజునే ఆశా కార్యకర్తకు ఫోన్ చేస్తే సరి.

ఈ వారం లెక్క: ఒకావిడకు ఆగస్టు 12, 13 తేదీల్లో చిన్న మరక మాత్రమే కనిపించింది. 14న మామూలుగా నెలసరి మొదలైంది. ఆపరేషన్‌కి వెళ్లేది 21న. మరకను లెక్కలోకి తీసుకోకండి. ఆ రోజు ఆమెకు ఎన్నో రోజు? డాక్టరు ఆమెను ఏమేం అడగాలి? కాగితం మీద రాసిపెట్టుకోండి. కాన్పు తర్వాత వారంలోపు చేసే ఆపరేషన్ గురించి నాలుగో పాఠంలో చూద్దాం.