సొంతంగా ప్రోగ్రామింగ్ నేర్చుకుని డెవలపర్ ఉద్యోగానికి సిద్ధం కావడం ఎలా?

బీఎస్సీ, బీకామ్, సివిల్, మెకానికల్ వంటి చదువులు పూర్తిచేసి, క్యాంపస్ ఎంపికలు జరగని కళాశాలల నుంచి బయటికి వచ్చి, సాఫ్ట్‌వేర్ రంగంలో ఎలా అడుగుపెట్టాలో తెలియక సతమతమవుతున్నవారి కోసం ఈ వ్యాసం. ఉద్యోగం ఇచ్చే సంస్థకు ప్రధానంగా తెలియవలసింది ఒక్కటే: ఒక పని అప్పగిస్తే ఈ అభ్యర్థి దాన్ని అర్థం చేసుకుని, చిక్కుపడినచోట తానే దారి వెతుక్కుని, చివరిదాకా తీసుకురాగలరా? సర్టిఫికెట్లు ఎన్ని ఉన్నా ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేవు. మీరే రాసిన, ఇంకొకరు నిజంగా వాడుతున్న, ప్రతి పంక్తీ ఎందుకు అలా ఉందో మీరు వివరించగలిగిన ఒక చిన్న ప్రోగ్రాము చెప్పగలదు. అందువల్ల నేర్చుకునేదంతా అటువంటి ప్రోగ్రామును దృష్టిలో పెట్టుకునే నేర్చుకోవాలి. రోజుకు మూడు గంటలు నిలకడగా కేటాయించగలిగినవారు కూడా దీనికి ఏడాది అటూ ఇటూగా పడుతుందని అనుకుని బయలుదేరడం మంచిది. మూడు నెలల్లో ఉద్యోగం అనే ప్రకటనలను నమ్మి ఇంట్లోవారికి మాట ఇవ్వకండి.

భాష, పాఠాలు

ఏ భాషతో మొదలుపెట్టాలన్న చర్చకు ఒక సాయంత్రం కంటే ఎక్కువ ఇవ్వనక్కరలేదు. హైదరాబాదు, బెంగళూరు ఫ్రెషర్ ప్రకటనల్లో జావా, పైథాన్, జావాస్క్రిప్ట్ తరచుగా కనిపిస్తాయి. వీటిలో ఏదైనా ఫరవాలేదు. ఎటూ తేల్చుకోలేకపోతే పైథాన్ తీసుకోండి. 1991లో గైడో వాన్ రోసమ్ విడుదల చేసిన ఈ భాషలో లాంఛనాలు తక్కువ కాబట్టి, కొత్తవారి దృష్టి వ్యాకరణం మీద కంటే సమస్య మీద నిలుస్తుంది. ఒక్క జాగ్రత్త: పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేకుండా రాసిన పాఠం కనిపిస్తే అది పాత పాఠమని గుర్తించి వదిలేయండి. ఎంచుకున్న భాషను కనీసం ఆరు నెలలు మార్చకూడదు.

మంచి పాఠాలు ఉచితంగానే దొరుకుతాయి. హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారి సీఎస్50, ఐఐటీల ఆచార్యులు చెప్పే ఎన్‌పీటెల్ పాఠాలు, ఫ్రీకోడ్‌క్యాంప్, వెబ్ సాంకేతికతలకు మొజిల్లా వారి ఎండీఎన్, వీటిలో ఏ ఒక్కటైనా మొదటి ఆరు నెలలకు సరిపోతుంది. ఎన్‌పీటెల్‌లో పాఠాలకు రుసుము లేదు, సర్టిఫికెట్ పరీక్ష రాసేవారే కట్టాలి. ఇంతటి సమృద్ధే ఒక ప్రమాదం కూడా. ఒక కోర్సు సగంలో ఉండగానే ఇంకొకటి మెరుగ్గా కనిపించడం, దానికి మారడం, మళ్లీ మొదటి అధ్యాయం నుంచి వినడం వల్ల ఏడాది గడిచినా చాలామంది లూపుల (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఆదేశాల) దగ్గరే ఆగిపోతున్నారు.

వీడియో చూస్తున్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది. అది నిజంగా అర్థమైందో లేదో తేల్చే పరీక్ష, వీడియో మూసేసి ఖాళీ ఫైలు తెరిచి అదే ప్రోగ్రామును చూడకుండా రాయడం. ఈత పుస్తకం చదివితే రానట్టే ఇదీ చూస్తే రాదు. ఒక గంట పాఠానికి రెండు గంటల సొంత రాత అనే నిష్పత్తి పాటించండి.

ఎర్రర్ చదవడం

కొత్తవారికీ పనిచేయగలిగినవారికీ అసలు తేడా ఇక్కడే ఉంటుంది కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్పవలసి ఉంది. తెర నిండా ఎర్ర అక్షరాలు కనిపించగానే ఆ మొత్తాన్ని కాపీ చేసి చాట్‌బాట్‌కు ఇచ్చే అలవాటు మొదటి నెలల్లోనే అంటుకుంటే, డీబగ్గింగ్ (తప్పును వెతికి సరిచేయడం) అనే నైపుణ్యం ఎప్పటికీ పెరగదు. పైథాన్ ఇచ్చే ఎర్రర్ సందేశాన్ని కింది నుంచి పైకి చదవాలి. చివరి పంక్తి తప్పు ఏ రకమైనదో చెబుతుంది, దాని పైన ఉన్న పంక్తులు అది ఏ ఫైలులో ఎన్నో పంక్తి దగ్గర బయటపడిందో చెబుతాయి. నేమ్ ఎర్రర్ అయితే ఆ పేరుతో ఏదీ ఇంకా లేదని, టైప్ ఎర్రర్ అయితే అంకె ఉండవలసినచోట పదం ఉండటం వంటిదేదో జరిగిందని, కీ ఎర్రర్ అయితే డిక్షనరీలో (పేరు చెబితే దాని విలువ ఇచ్చే పట్టికలో) అడిగిన కీ, అంటే ఆ పేరు, లేదని అర్థం. మొదటి ఏడాదిలో ఎదురయ్యే రకాలు పది పదిహేనుకు మించవు. ఇంగ్లీషు అంటే బెరుకు ఉన్న తెలుగు మాధ్యమ విద్యార్థులు ఈ కొద్దిపాటి మాటలతోనే మొదలుపెట్టి ధైర్యం తెచ్చుకోవచ్చు.

సందేశం చదివిన తర్వాత నోటుపుస్తకంలో తెలుగులోనే రెండు వాక్యాలు రాయండి: నేను ఏం జరగాలనుకున్నాను, నిజానికి ఏం జరిగింది. ఈ రెండింటి మధ్య తేడాను స్పష్టంగా రాయగలిగితే సగం సమస్య అక్కడే విడిపోతుంది. ఆ తర్వాత ప్రోగ్రాము మధ్యలో ఒకచోట విలువను ముద్రించి చూసి, అది సరిగా ఉంటే తప్పు ఆ తర్వాతి సగంలో, లేకపోతే ముందు సగంలో ఉందని తేల్చుకుంటూ వెళ్లాలి. అరగంట ఇలా వెతికినా దొరకనప్పుడు చాట్‌బాట్‌ను అడగండి. అప్పుడు కూడా కోడ్ రాసివ్వమని కాకుండా, నా ఆలోచనలో తప్పెక్కడుందో చెప్పమని అడగాలి.

ఏ ప్రోగ్రాము రాయాలి?

కాలిక్యులేటర్, చేయవలసిన పనుల జాబితా వంటివి అభ్యాసానికి మంచివే గాని, ఇంటర్వ్యూ చేసేవారు వాటిని లెక్కలేనన్ని సార్లు చూసి ఉంటారు. మీకు తెలిసిన, ఇతరులకు అంతగా తెలియని సమస్యను తీసుకోండి. ఉదాహరణకు తెలుగు గళ్ళనుడికట్టు తయారుచేసే ప్రోగ్రామును చూద్దాం. "తెలుగు" అనే పదం పొడవెంత అని పైథాన్‌ను అడిగితే ఆరు అంటుంది. మనకు కనిపించేవి మూడు అక్షరాలే. యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లు వాడే సంకేతాల పట్టికలో) హల్లు ఒక సంకేతంగా, దాని గుణింతపు గుర్తు ఇంకొక సంకేతంగా ఉండటమే దీనికి కారణం. "స్త్రీ" అనే పదానికీ ఆరే వస్తుంది, కాని అది గడిలో ఒకే అక్షరం. కాబట్టి గడులు నింపే ముందు పదాన్ని అక్షరాలుగా విడగొట్టే ఫంక్షన్ (ఒక పనిని చేసిపెట్టే కోడు భాగం) రాయవలసి వస్తుంది: ఒక హల్లు, దాని వెంట పొల్లుతో కలిసి వచ్చే హల్లులు ఎన్ని ఉంటే అన్ని, ఆపై గుణింతపు గుర్తు, ఉంటే సున్న లేదా విసర్గ, ఇదంతా కలిపి ఒక్క అక్షరం. అచ్చులకు వేరే నియమం. "రామ్" వంటి పదాల చివరి పొల్లును ఏం చేయాలో మీరే నిర్ణయించాలి. "సాఫ్ట్‌వేర్" వంటి పదాల్లో అక్షరాలు కలిసిపోకుండా మధ్యలో కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది. నియమాలన్నీ సరిగా రాశామనుకున్న ప్రోగ్రాము తప్పేది అక్కడే.

ఇలాంటి చిన్న సమస్య ఎంత నేర్పిస్తుందో గమనించండి. ఇరవై పదాలకు సరైన జవాబులు ముందే చేత్తో రాసుకుని, ప్రోగ్రాము జవాబులతో పోల్చిచూసుకునే ఏర్పాటు చేసుకుంటే, పరిశ్రమలో టెస్టులు ఎందుకు రాస్తారో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. పదాలనూ ఆధారాలనూ దాచుకోవడానికి ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసు వాడితే డేటాబేసు పని, దాని నుంచి వివరాలు అడిగే ఎస్‌క్యూఎల్ భాష వస్తాయి. ఫ్లాస్క్ అనే పైథాన్ సాధనంతో వెబ్ పేజీగా మలిస్తే బ్రౌజరుకూ సర్వరుకూ మధ్య ఏం నడుస్తుందో అర్థమవుతుంది. ఆ పేజీని ఇంటర్నెట్‌లో పెట్టి, గళ్ళనుడికట్టు పూరించే అలవాటున్న మీ పిన్నిగారికో మాస్టారికో ఇచ్చి, వారు వాడుతుండగా పక్కన మౌనంగా కూర్చుని చూడండి. వారు ఎక్కడ తడబడ్డారో రాసుకుని సరిచేయడం డెవలపర్ చేసే అసలు పని. భాషలో ఆసక్తి లేనివారు డేటా డాట్ గవ్ డాట్ ఇన్‌లో దొరికే వ్యవసాయ మార్కెట్ల రోజువారీ ధరలను తీసుకుని, తమ ఊరి రైతులకు పనికివచ్చే పేజీ ఒకటి తయారుచేయవచ్చు.

మొదటి రోజు నుంచే కోడును, దానిలో చేసిన ప్రతి మార్పునూ గుర్తుంచుకునే గిట్‌లో భద్రపరచండి. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన ఈ సాధనం లేకుండా పనిచేసే సాఫ్ట్‌వేర్ బృందాలు నేడు అరుదు. ఆ కోడును ఇంటర్నెట్‌లో ఉంచే గిట్‌హబ్‌లో పెట్టినప్పుడు పాస్‌వర్డులు అందులోకి వెళ్లకుండా చూసుకోవాలి. ప్రోగ్రాము ఏం చేస్తుందో, ఎలా నడపాలో, ఇంకా ఏం చేయలేదో రీడ్‌మీ అనే ఫైలులో ఒక పేజీలో రాయాలి.

ఉద్యోగ ప్రయత్నం

ఫ్రెషర్ ఎంపికలో సాధారణంగా ఆప్టిట్యూడ్ పరీక్ష, కోడింగ్ పరీక్ష, టెక్నికల్ ఇంటర్వ్యూ, హెచ్‌ఆర్ సంభాషణ ఉంటాయి. కోడింగ్ పరీక్షకు అర్రేలు (విలువల వరుసలు), స్ట్రింగులు (అక్షరాల వరుసలు), డిక్షనరీలు, సార్టింగ్ (క్రమంలో పెట్టడం), రికర్షన్ (ఫంక్షన్ తననే తాను పిలుచుకోవడం) గట్టిగా వచ్చి ఉండాలి. వందలకొద్దీ సమస్యల జవాబులు కంఠస్థం చేయడం కంటే, కొన్ని పదుల సమస్యలను వారం తర్వాత మళ్లీ చూడకుండా చేయగలగడం మేలు. ఇంటర్వ్యూ కోసం మీ ప్రోగ్రాము గురించి రోజూ పది నిమిషాలు చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో పైకి మాట్లాడి రికార్డు చేసుకోండి. ఉచ్చారణ గురించి బెంగ అక్కరలేదు. ఎస్‌క్యూలైట్‌నే ఎందుకు ఎంచుకున్నారు, వెయ్యి మంది ఒకేసారి వస్తే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు తడుముకోకుండా చెప్పగలగాలి. రెజ్యూమె ఒక పేజీ దాటకూడదు, ప్రోగ్రాము లింకు పైభాగంలోనే ఉండాలి. నౌకరీ, లింక్డ్‌ఇన్‌లతో ఆగిపోకుండా చిన్న సంస్థల వెబ్‌సైట్లలోని ఉద్యోగాల పేజీలు నేరుగా చూడండి. మీ ఊరివారు, సీనియర్లు ఎవరైనా ఆ సంస్థల్లో ఉంటే రెఫరల్ (మీ పేరు సిఫారసు చేయడం) అడగడానికి మొహమాటపడకండి. టెస్టింగ్, సపోర్ట్ ఉద్యోగం వచ్చినా తక్కువగా చూడనక్కరలేదు. లోపలికి వెళ్లాక డెవలప్‌మెంట్ వైపు మారినవారు ఉన్నారు.

హైదరాబాదులో అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సంస్థల్లో చేరాలా వద్దా అని చాలామంది అడుగుతారు. ఒంటరిగా చదవలేనివారికి రోజువారీ క్రమం, తోటివారి సాహచర్యం అక్కడ దొరుకుతాయి. డెమో క్లాసు విని, పాఠంతోపాటు అభ్యాసాలు చేయించి దిద్దుతారో లేదో కనుక్కుని చేరండి. అయితే లేని అనుభవాన్ని ఉన్నట్టు చూపించే పత్రాలు ఇప్పిస్తామని ఎవరు చెప్పినా అక్కడి నుంచి లేచి వచ్చేయండి. భవిష్యనిధి (పీఎఫ్) ఖాతాలకు, ఉద్యోగం మారినా మారని యూఏఎన్ సంఖ్య వచ్చాక, ఎక్కడ ఎంతకాలం పనిచేశారన్న వివరం దానిలో నమోదవుతోంది. నేపథ్య పరిశీలనలో దాన్ని సరిచూస్తారు. చేరిన రెండేళ్ల తర్వాత బయటపడినా ఉద్యోగం పోతుంది, పైగా మీరు నిజంగా చేసిన పని మీద కూడా నమ్మకం పోతుంది. ఉద్యోగం కోసం ముందుగా డబ్బు కట్టమన్నా, అసలు సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచమన్నా ఒప్పుకోకండి. బాండు (ఇంతకాలం మానకుండా పనిచేస్తామన్న ఒప్పందం) ఉంటే కాలపరిమితి, చెల్లించవలసిన మొత్తం పూర్తిగా చదివాకే సంతకం చేయండి. చదువు తర్వాత ఖాళీ ఎందుకు వచ్చిందని అడిగితే, ఆ నెలల్లో ఏం నేర్చుకున్నారో చెప్పి గిట్‌హబ్ తెరిచి చూపించండి.

మొదటి ఇంటర్వ్యూలు చాలావరకు పోతాయి. ఇంటర్వ్యూ జరిగిన సాయంత్రమే, మరచిపోకముందే, అడిగిన ప్రతి ప్రశ్ననూ రాసుకుని, జవాబు రానివాటిని ఆ వారంలోనే ప్రోగ్రాము రాసి నేర్చుకోండి. అదే ప్రశ్న రెండోచోట కూడా అడగడం ఈ రంగంలో చాలా మామూలు విషయం.